ముట్లు ఆగినా పరీక్ష ఆగకూడదు

ఆడవాళ్లకు ఒక వయసు వచ్చాక ముట్లు ఆగిపోతాయి. మన దేశంలో చాలామందికి 46, 47 ఏళ్ల ప్రాంతంలో ఆగుతాయి. కొందరికి ముందు, కొందరికి వెనక. వరసగా 12 నెలలు ముట్టు రాకపోతే ముట్లు ఆగిపోయినట్లే లెక్క.

అప్పుడు చాలామంది "హమ్మయ్య, ఆ గొడవ వదిలింది" అనుకుంటారు. నెలనెలా గుడ్డల బాధ లేదు. కాన్పుల భయం లేదు. నిజమే. కానీ ఇంకో మాట కూడా అనుకుంటారు. "ఇక నా గర్భసంచికి పని లేదు. దానికి జబ్బేం వస్తుంది? డాక్టరుకు చూపించుకోవడం ఎందుకు?" అనుకుంటారు. ఈ రెండో మాట తప్పు.

ముట్లు ఆగినా గర్భసంచి లోపలే ఉంటుంది. దాని మూతి కూడా ఉంటుంది. ఆ మూతికి ఒక క్రిమి వల్ల క్యాన్సర్ వస్తుంది. క్యాన్సర్‌ను మన పెద్దవాళ్లు రాచపుండు అనేవారు. ఆ క్రిమి ఒంట్లో ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా దాగి ఉండగలదు. పుండు బయటపడే వేళకు చాలామందికి ముట్లు ఆగే వయసు వస్తుంది. లేదా ఆగిపోయే ఉంటాయి.

అంటే, పరీక్ష అవసరమైన వయసులోనే ఆడవాళ్లు పరీక్ష మానేస్తున్నారు.

గర్భసంచి మూతి ఎక్కడుంది?

గర్భసంచి పొత్తికడుపులో ఉంటుంది. బోర్లించిన చిన్న ముంతలా ఉంటుంది. ముంత మూతి కిందికి ఉంటుంది కదా! అలాగే గర్భసంచి మూతి కూడా కిందికి, యోని లోపలికి ఉంటుంది. ముట్టు నెత్తురు ఈ మూతి నుంచే బయటికి వస్తుంది. కాన్పు సమయంలో ఈ మూతే తెరుచుకుంటుంది. డాక్టర్లు దీన్ని గర్భాశయ ముఖద్వారం అంటారు.

మూతి బయటి వైపు చర్మం ఒక రకం. లోపలి వైపు చర్మం ఇంకో రకం. ఈ రెండూ కలిసే చోట ఒక గట్టు లాంటిది ఉంటుంది. క్యాన్సర్ ఎక్కువగా ఈ గట్టు దగ్గరే మొదలవుతుంది. ఈ గట్టు సంగతి గుర్తుంచుకోండి. ముందు ముందు దీనితో పని ఉంది.

ఏమిటీ క్రిమి?

ఆ క్రిమి పేరు హ్యూమన్ పాపిలోమా వైరస్. పొట్టిగా హెచ్.పి.వి. అంటారు. వైరస్ అంటే కంటికి కనిపించని అతి చిన్న క్రిమి. జలుబు కూడా వైరస్ వల్లే వస్తుంది.

హెచ్.పి.వి.లో 200కు పైగా రకాలు ఉన్నాయి. చాలా రకాలు పెద్దగా హాని చేయవు. కొన్ని చేతుల మీద, కాళ్ల మీద పులిపిర్లు పుట్టిస్తాయి. సుమారు 14 రకాలు మాత్రం చెడ్డవి. వాటిలో 16, 18 అనే రెండు రకాలు మరీ చెడ్డవి. ప్రపంచంలో గర్భసంచి మూతి క్యాన్సర్ వచ్చిన ప్రతి 100 మందిలో సుమారు 70 మందికి ఈ రెండు రకాల వల్లే వచ్చింది.

ఈ సంగతి కనిపెట్టింది హెరాల్డ్ జుర్ హౌసెన్ అనే జర్మనీ డాక్టరు. 1983లో, 1984లో ఆయన, ఆయనతో పనిచేసినవాళ్లు ఈ రెండు రకాలనూ క్యాన్సర్ పుండులో చూశారు. అంతకు ముందు చాలామంది డాక్టర్లు ఆయన మాట నమ్మలేదు. 2008లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఎలా అంటుతుంది?

ఆడ, మగ కలిసినప్పుడు ఒకరి చర్మం నుంచి ఇంకొకరి చర్మానికి అంటుతుంది. చాలా సులువుగా అంటుతుంది. కాపురం చేసే ఆడవాళ్లలో, మగవాళ్లలో చాలామందికి బతుకులో ఎప్పుడో ఒకప్పుడు ఇది అంటే ఉంటుంది. అంటినట్లు తెలియదు. జ్వరం రాదు. నొప్పి రాదు. దురద ఉండదు.

ఒకే కంచంలో తిన్నా, ఒకే చెరువులో స్నానం చేసినా ఈ జబ్బు అంటదు. అందుకని ఈ జబ్బు ఉన్న మనిషిని దూరం పెట్టనక్కర్లేదు. ఆమె చేతి వంట మానక్కర్లేదు. చంటి పిల్లలను ఆమెకు దూరం చేయనక్కర్లేదు.

అంటిన అందరికీ క్యాన్సర్ వస్తుందా?

రాదు. ఇది ధైర్యం ఇచ్చే మాట. మన ఒంటికి జబ్బులతో పోరాడే శక్తి ఉంటుంది. వైరస్ అంటిన 100 మందిలో సుమారు 90 మందికి రెండేళ్లలోపే అది దానంతటది అణగిపోతుంది. మందు అక్కర్లేదు.

మిగిలిన కొద్దిమందిలో అది గర్భసంచి మూతి దగ్గర పాతుకుపోతుంది. అక్కడి చర్మాన్ని మెల్లమెల్లగా మారుస్తుంది. ఆ మార్పు వెంటనే క్యాన్సర్ కాదు. ముందు చిన్న మచ్చలా ఉంటుంది. మచ్చ ముదిరి క్యాన్సర్ కావడానికి సాధారణంగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది.

లెక్క వేసి చూడండి. ఒక ఆడమనిషికి 30, 35 ఏళ్లప్పుడు వైరస్ పాతుకుపోయింది అనుకుందాం. క్యాన్సర్ అయ్యేసరికి ఆమెకు 50 దాటుతుంది. అప్పటికి ముట్లు ఆగిపోయి ఉంటాయి. పిల్లలకు పెళ్లిళ్లు అయి ఉంటాయి. మనవలు కూడా ఉంటారు. "ఈ వయసులో నాకేంటి?" అని ఆమె అనుకుంటుంది. కానీ విత్తనం ఎప్పుడో పడింది.

ఈ లెక్కలో మంచి కూడా ఉంది. జబ్బు 15 ఏళ్లు నడిచి వస్తుంది. అంటే దాన్ని దారిలో పట్టుకోవడానికి మనకు 15 ఏళ్ల గడువు ఉంది. ఇంత గడువు ఇచ్చే క్యాన్సర్లు తక్కువ.

అయినా మన దేశంలో ఏం జరుగుతోంది? 2022 లెక్కల ప్రకారం ఆ ఒక్క ఏడాదిలో సుమారు 1 లక్షా 27 వేల మంది ఆడవాళ్లకు ఈ క్యాన్సర్ వచ్చింది. సుమారు 80 వేల మంది చనిపోయారు. మన దేశపు ఆడవాళ్లకు వచ్చే క్యాన్సర్లలో రొమ్ము క్యాన్సర్ మొదటిది. ఇది రెండోది. 2019-21లో సర్కారు ఇంటింటి సర్వే చేసింది. 30 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ఎప్పుడైనా ఈ పరీక్ష చేయించుకున్నవాళ్లు 100కు ఇద్దరు కూడా లేరు.

ముట్లు ఆగాక ఒంట్లో ఏం మారుతుంది?

మూడు మార్పులు వస్తాయి.

ఒకటి. ముట్లు ఆగాక ఒంట్లో ఈస్ట్రోజన్ అనే రసం తగ్గుతుంది. దానివల్ల యోని లోపలి చర్మం పలచబడుతుంది. పొడిబారుతుంది. చిన్న ఒరిపిడికే గీరుకుంటుంది.

రెండు. వయసుతో పాటు జబ్బులతో పోరాడే శక్తి తగ్గుతుంది. ఎప్పుడో అణగిపోయిందనుకున్న వైరస్ మళ్లీ తలెత్తవచ్చు. నివురు కప్పిన నిప్పు గాలి తగిలితే రాజుకుంటుంది కదా! ఇదీ అలాంటిదే.

మూడు. ఇందాక చెప్పుకున్న గట్టు లోపలికి జరిగిపోతుంది. వయసులో ఉన్నప్పుడు అది మూతి మీద బయటికి కనిపిస్తుంది. ముట్లు ఆగాక మూతి లోపలి సందులోకి పోతుంది. బయటి నుంచి చూస్తే కనిపించదు. పరీక్షలో దీనివల్లే చిక్కు వస్తుంది.

నింద ఎవరి మీదా వేయవద్దు

ఒక 58 ఏళ్ల ఆడమనిషికి పరీక్షలో వైరస్ ఉందని తేలింది అనుకోండి. భర్త పోయి పదేళ్లు అయింది. ఇరుగుపొరుగు ఏమంటారు? "ఈ వయసులో ఈమెకు ఇది ఎలా వచ్చింది?" అని చెవులు కొరుక్కుంటారు. భర్త ఉన్న ఆమె అయితే ఆయన ఆమెను అనుమానిస్తాడు. లేదా ఆమె ఆయనను అనుమానిస్తుంది. ఇంట్లో గొడవ మొదలవుతుంది.

ఈ నిందకు అర్థం లేదు. వైరస్ 20, 30 ఏళ్లు ఒంట్లో దాగి ఉండవచ్చు. అది ఎప్పుడు వచ్చిందో, ఎవరి నుంచి వచ్చిందో ఏ పరీక్షా చెప్పలేదు. పెళ్లయిన కొత్తలో అంటింది ఇప్పుడు బయటపడవచ్చు. బతుకంతా ఒక్క మనిషితోనే కాపురం చేసిన ఆడదానికి కూడా ఇది రావచ్చు. పరీక్షలో వైరస్ ఉంది అంటే నడత చెడ్డది అని కాదు. జాగ్రత్త పడాలి అని. అంతే.

సిగ్గుతో, నిందకు భయపడి పరీక్ష మానుకున్నవాళ్లు ప్రాణం మీదికి తెచ్చుకుంటారు.

ఈ గుర్తులు కనిపిస్తే ఆగవద్దు

వైరస్‌కు గుర్తులు ఉండవు. మచ్చకు కూడా ఉండవు. పుండు మొదలయ్యాక గుర్తులు కనిపిస్తాయి.

ముట్లు ఆగి ఏడాది దాటాక మళ్లీ నెత్తురు కనిపించడం అన్నిటికన్నా పెద్ద గుర్తు. ఒక్క చుక్క అయినా సరే. "ఈ వయసులో మళ్లీ ముట్టు వచ్చింది" అని కొందరు నవ్వుకుంటారు. "వేడి చేసింది" అని సబ్జా నీళ్లు తాగుతారు. అది ముట్టు కాదు. వేడి కాదు. డాక్టరుకు చూపించాల్సిన గుర్తు.

ఇంకా కొన్ని గుర్తులు ఉన్నాయి.

భర్తతో కలిసిన తర్వాత నెత్తురు కనిపించడం.
నీళ్లలా, చెడు వాసనతో బట్ట కావడం. అందులో నెత్తురు జీర ఉండడం.
పొత్తికడుపులో, నడుములో విడవని నొప్పి.
జబ్బు ముదిరితే కాలు వాపు, మూత్రానికి ఇబ్బంది, ఒళ్లు తగ్గిపోవడం.

నెత్తురు కనిపించిన వాళ్లందరికీ క్యాన్సర్ ఉండదు. చాలామందికి చర్మం పొడిబారడం వల్లే కనిపిస్తుంది. కొందరికి గర్భసంచి లోపల కంతి ఉంటుంది. కొందరికి గర్భసంచి లోపలి పొర క్యాన్సర్ ఉంటుంది. అది వేరే క్యాన్సర్. ఏది ఉందో ఇంట్లో కూర్చుంటే తెలియదు. చూస్తేనే తెలుస్తుంది.

పరీక్షలు ఎన్ని రకాలు?

మూడు రకాలు. ఏదీ కోత కాదు. మత్తు అక్కర్లేదు. కొన్ని నిమిషాల పని.

మొదటిది వెనిగర్ పరీక్ష. వెనిగర్ అంటే పచ్చళ్లలో, నూడుల్స్‌లో వేసే పులుపు నీళ్లు. నర్సమ్మ పలచని వెనిగర్‌ను దూదితో గర్భసంచి మూతికి అద్దుతుంది. ఒక నిమిషం ఆగి చూస్తుంది. మచ్చ ఉంటే అక్కడ తెల్లగా మారుతుంది. ఫలితం అప్పటికప్పుడే తెలుస్తుంది. ఖర్చు చాలా తక్కువ. 2016 నుంచి మన దేశంలో సర్కారు పద్ధతి ఇదే. 30 నుంచి 65 ఏళ్ల ఆడవాళ్లందరికీ ఐదేళ్లకోసారి చేయాలని నిర్ణయం.

రెండోది పాప్ పరీక్ష. మూతి మీద చిన్న పుల్లతోనో బ్రష్‌తోనో మెల్లగా రాసి, ఆ జిగురును గాజు పలక మీద పూస్తారు. మైక్రోస్కోపు కింద చూస్తారు. దీన్ని కనిపెట్టిన పాపనికొలావు అనే డాక్టరు పేరు మీదే దీనికి పాప్ అనే పేరు వచ్చింది.

మూడోది హెచ్.పి.వి. పరీక్ష. ఇది వైరస్‌నే వెతికే పరీక్ష. మచ్చ ఇంకా పుట్టకముందే ప్రమాదం ఎవరికి ఉందో చెబుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అన్ని దేశాలకూ ఈ పరీక్షనే ముందు వాడమని చెప్పింది. 30 ఏళ్లు దాటినవాళ్లు ఐదేళ్లకో, పదేళ్లకో ఒకసారి చేయించుకుంటే చాలు.

ముట్లు ఆగిన వాళ్లకు ఏది మంచిది?

ఇక్కడే గట్టు సంగతి గుర్తు తెచ్చుకోవాలి. వెనిగర్ పరీక్ష అంటే కంటితో చూసే పరీక్ష. వయసులో ఉన్నవాళ్లలో గట్టు బయటికి కనిపిస్తుంది. కాబట్టి వాళ్లకు పనికొస్తుంది. ముట్లు ఆగినవాళ్లలో గట్టు లోపలికి పోయింది. అక్కడ మచ్చ ఉన్నా కంటికి కనబడదు. అందుకని ముట్లు ఆగినవాళ్లకు ఈ పరీక్షను నమ్ముకోవడానికి లేదు. "అంతా బాగుంది" అని చెప్పినా లోపల మచ్చ ఉండవచ్చు.

ముట్లు ఆగినవాళ్లకు హెచ్.పి.వి. పరీక్ష మంచిది. వైరస్ ఉంటే జిగురులో దొరుకుతుంది. గట్టు కనిపించినా, కనిపించకపోయినా ఫరవాలేదు. అది దొరకని చోట పాప్ పరీక్ష చేయించుకోవచ్చు. ముట్లు ఆగాక చర్మం పలచబడడం వల్ల పాప్ పరీక్ష ఒక్కోసారి సరిగా తేలదు. అప్పుడు డాక్టరు కొద్ది వారాలు యోనిలో రాసుకునే మందు ఇచ్చి మళ్లీ పరీక్ష చేస్తారు. భయపడనక్కర్లేదు.

హెచ్.పి.వి. పరీక్షలో ఇంకో సుఖం ఉంది. కావాలంటే ఆడవాళ్లే స్వయంగా జిగురు తీసుకోవచ్చు. చిన్న మెత్తని బ్రష్ ఇస్తారు. చాటుకు వెళ్లి, దాన్ని యోనిలోకి పోనిచ్చి, మెల్లగా తిప్పి, తీసి, గొట్టంలో పెట్టి ఇస్తే చాలు. ఎవరి ముందూ బట్ట తీయనక్కర్లేదు. ఈ పద్ధతి మనకు మరీ కొత్తది కాదు. హైదరాబాదు దగ్గరి మేడ్చల్‌లో ఆడవాళ్లు స్వయంగా తీసుకున్న జిగురు ఈ పరీక్షకు పనికొస్తుందా అని పరిశోధన చేశారు. అది 2009లో అచ్చయింది.

హెచ్.పి.వి. పరీక్ష అన్ని సర్కారు దవాఖానాల్లో దొరకదు. అందుకే అడగాలి. "నాకు ముట్లు ఆగిపోయాయి. నాకు ఏ పరీక్ష చేస్తారు?" అని అడగాలి. ఈ ఒక్క ప్రశ్న చాలా పని చేస్తుంది.

497 ఊళ్లు చెప్పిన పాఠం

మహారాష్ట్రలో ఉస్మానాబాద్ అనే జిల్లా ఉంది. ఇప్పుడు దాన్ని ధారాశివ్ అంటున్నారు. ఒకప్పుడు అది నిజాం పాలించిన హైదరాబాదు రాజ్యంలోదే. మెట్ట సేద్యం చేసుకునే పల్లెలు. 1999లో అక్కడ ఒక పెద్ద పరిశోధన మొదలైంది. ముంబైలోని టాటా ఆసుపత్రి డాక్టర్లు, బార్షీలోని నర్గీస్ దత్ క్యాన్సర్ ఆసుపత్రి వాళ్లు కలిసి చేశారు.

497 ఊళ్లలో 30 నుంచి 59 ఏళ్ల ఆడవాళ్లు 1 లక్షా 31 వేల మందిని లెక్కలోకి తీసుకున్నారు. వాళ్లను నాలుగు గుంపులు చేశారు. ఒక గుంపుకు హెచ్.పి.వి. పరీక్ష. ఒక గుంపుకు పాప్ పరీక్ష. ఒక గుంపుకు వెనిగర్ పరీక్ష. నాలుగో గుంపుకు ప్రత్యేకంగా పరీక్ష పెట్టలేదు. మామూలుగా దొరికే వైద్యమే.

పరీక్ష చేసింది ఒక్కసారే. తర్వాత ఎనిమిదేళ్లు కనిపెట్టి చూశారు. పరీక్ష పెట్టని గుంపులో 64 మంది ఈ క్యాన్సర్‌తో చనిపోయారు. హెచ్.పి.వి. పరీక్ష గుంపులో 34 మంది చనిపోయారు. ఈ గుంపులో మనుషులు కొంచెం ఎక్కువే. అయినా చావులు సగానికి సగం తగ్గాయి. మిగతా రెండు పరీక్షల గుంపుల్లో ఇంత తేడా రాలేదు.

వెనిగర్ పరీక్ష దండగ అని దీనికి అర్థం కాదు. ముంబై బస్తీల్లో రెండేళ్లకోసారి, నాలుగు సార్లు వెనిగర్ పరీక్ష చేశారు. అక్కడ చావులు 100కు 31 తగ్గాయి. మళ్లీ మళ్లీ చేస్తే, వయసులో ఉన్నవాళ్లకు అది పనికొస్తుంది.

ఉస్మానాబాద్‌లో హెచ్.పి.వి. పరీక్ష చేయించుకున్న 100 మందిలో సుమారు 10 మందికి వైరస్ కనిపించింది. అంటే పది మంది కూర్చున్న సంఘం మీటింగులో ఒకరికి ఉండవచ్చు. ఇది అంత మామూలు సంగతి. వాళ్లలో క్యాన్సర్ ఉన్నవాళ్లు బహు కొద్దిమంది.

వైరస్ ఉందని తేలితే?

గుండె చెదరవద్దు. వైరస్ ఉంది అంటే క్యాన్సర్ ఉంది అని కాదు. మచ్చ ఉందేమో చూడాలి అని అర్థం.

వైరస్‌ను చంపే మందు లేదు. దానికి మందు ఇస్తామని ఎవరైనా డబ్బు అడిగితే నమ్మవద్దు. నాటు మందులు, పసర్లు యోనిలో పెట్టవద్దు. పుండు పడుతుంది.

డాక్టరు కాల్పోస్కోపు అనే దుర్బిణీతో గర్భసంచి మూతిని పెద్దదిగా చేసి చూస్తారు. అనుమానం ఉంటే గోరంత ముక్క తీసి పరీక్షకు పంపుతారు. మచ్చ లేకపోతే ఇంటికి పంపుతారు. డాక్టరు చెప్పిన గడువుకు మళ్లీ రమ్మంటారు. ఆ గడువు మరిచిపోకూడదు.

మచ్చ ఉంటే దాన్ని వేడితో కాలుస్తారు. లేదా చలువతో గడ్డ కట్టిస్తారు. లేదా సన్నని కరెంటు తీగతో ఆ కాస్త ముక్క తీసేస్తారు. ముట్లు ఆగినవాళ్లలో మచ్చ లోపలికి ఉంటుంది. కాబట్టి వాళ్లకు ఎక్కువగా ముక్క తీసే పద్ధతే వాడతారు. చాలామంది అదే రోజు ఇంటికి పోవచ్చు. మచ్చ పోతే క్యాన్సర్ దారి మూసుకుంటుంది.

క్యాన్సరే అని తేలితే? తొలి దశలో ఆపరేషన్‌తో నయం చేయవచ్చు. కొంచెం ముదిరితే కరెంటు పెట్టడం, అంటే రేడియేషన్, దానితో పాటు మందు సూదులు. ఎంత ముందు పట్టుకుంటే అంత మంచిది.

గర్భసంచి తీయించుకుంటే పోలేదా?

మన రెండు రాష్ట్రాల్లో ఈ మాట చాలా వినిపిస్తుంది. "తెల్లబట్ట అవుతోంది. క్యాన్సర్ వస్తుందట. గర్భసంచి తీసేస్తామన్నారు." ఇలా పెద్ద ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు ఊరూరా ఉన్నారు. 2019-21 సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 100కు ఎనిమిది మందికి పైగా గర్భసంచి తీయించుకున్నారు. దేశం మొత్తం మీద అయితే 100కు ముగ్గురే.

తెల్లబట్ట క్యాన్సర్ కాదు. అది చాలాసార్లు మామూలు చీముకో, బూజుకో అవుతుంది. మందు బిళ్లలతో పోతుంది. వైరస్ ఒక్కటే ఉంటే గర్భసంచి తీయనక్కర్లేదు. మచ్చ ఉన్నా చాలామందికి ఆ ముక్క తీస్తే సరిపోతుంది. గర్భసంచి చిన్న వయసులో తీసేస్తే, దానితో పాటు అండాల సంచులు కూడా తీసేస్తే, ముట్లు ఆగిన బాధలు ఒక్కసారిగా వచ్చి పడతాయి. ఎముకలు పెళుసు బారతాయి. ఆపరేషన్ ఖర్చుకు చేసిన అప్పు వేరే.

కాబట్టి ఎవరైనా తీసేయాలి అంటే రెండు ప్రశ్నలు అడగాలి. "పరీక్ష కాగితంలో ఏముంది? తీయకుండా నయం చేసే దారి లేదా?" ఇంకో డాక్టరును కూడా అడగడం తప్పు కాదు.

గర్భసంచి తీయించుకున్నవాళ్లు కూడా ఒక సంగతి తెలుసుకోవాలి. మూతితో సహా తీశారా? మూతి ఉంచి పైభాగం తీశారా? ఆసుపత్రి కాగితంలో ఉంటుంది. మూతి ఉంటే పరీక్ష తప్పదు. మచ్చ వల్లో, క్యాన్సర్ వల్లో తీసి ఉంటే, మూతి లేకపోయినా డాక్టరు చెప్పినన్నాళ్లు చూపించుకోవాలి. వేరే కారణంతో మూతితో సహా తీసి ఉంటే, సాధారణంగా ఈ పరీక్ష అక్కర్లేదు.

ఎవరికి ఎక్కువ జాగ్రత్త కావాలి?

హెచ్.ఐ.వి. ఉన్న ఆడవాళ్లకు ఈ క్యాన్సర్ వచ్చే అవకాశం మిగతావాళ్ల కన్నా ఆరు రెట్లు ఎక్కువ. వాళ్లు 25 ఏళ్ల నుంచే, మూడేళ్లకో ఐదేళ్లకో పరీక్ష చేయించుకోవాలి. హెచ్.ఐ.వి. మందులు మానకూడదు.

పొగ తాగేవాళ్లకు కూడా ఎక్కువ. ఉత్తరాంధ్ర పల్లెల్లో కొందరు పెద్దవయసు ఆడవాళ్లు చుట్టను అడ్డపొగగా తాగుతారు. అది నోటికి ఎంత చెడ్డదో అందరికీ తెలుసు. పొగలోని విషం నెత్తురులో కలిసి గర్భసంచి మూతి దాకా పోతుంది. మచ్చను ముదరబెడుతుంది. ఏ వయసులో మానినా మంచిదే.

ఎప్పుడూ పరీక్ష చేయించుకోని వాళ్లు అందరికన్నా ముందు రావాలి. 50 దాటినా, 60 దాటినా సరే. 50 దాటాక సరైన గడువులో వరసగా రెండు సార్లు వైరస్ లేదని తేలితే, ఇక పరీక్ష ఆపవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఒక్కసారి కూడా చేయించుకోకుండా ఆపడం మాత్రం తగదు.

టీకా సంగతి

ఈ వైరస్‌కు టీకా ఉంది. అది ఆడపిల్లలకు 9 నుంచి 14 ఏళ్ల మధ్య వేస్తే బాగా పని చేస్తుంది. వైరస్ అంటకముందే వేయాలి. మన దేశంలో తయారైన టీకా కూడా 2023 నుంచి దొరుకుతోంది. అప్పటికే అంటిన వైరస్‌ను టీకా పోగొట్టదు. అందుకని అమ్మమ్మకు పరీక్ష, మనవరాలికి టీకా. ఇదీ పద్ధతి.

ఎక్కడికి పోవాలి?

ఊళ్లోని ఆశా అక్కను, ఏఎన్ఎమ్మమ్మను అడగండి. ఆంధ్రలో విలేజ్ హెల్త్ క్లినిక్, తెలంగాణలో పల్లె దవాఖానా, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉన్నాయి. అక్కడి నుంచి ఏరియా ఆసుపత్రికో, జిల్లా ఆసుపత్రికో చీటీ రాస్తారు. క్యాన్సర్ వైద్యానికి హైదరాబాదులో ఎం.ఎన్.జె. ఆసుపత్రి ఉంది. విశాఖపట్నంలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ కార్డు, ఆంధ్రలో ఎన్.టి.ఆర్. వైద్య సేవ కార్డు ఉన్నవాళ్లకు క్యాన్సర్ వైద్యం పథకంలో ఉంటుంది.

ఒక్కరే పోవడానికి సిగ్గు అనిపిస్తే, సంఘంలో నలుగురైదుగురు కలిసి పోవచ్చు. ఆడ డాక్టరు కావాలని, ఆడ నర్సు ఉండాలని అడగవచ్చు. పరీక్ష కాగితం అడిగి తీసుకోండి. ఇంట్లో రేషన్ కార్డుతో పాటు దాచుకోండి. చదువు వచ్చింది కదా! కాగితం మీద తేదీ చదవండి. మళ్లీ ఎప్పుడు రమ్మన్నారో చదవండి. అర్థం కాని మాట ఉంటే నర్సమ్మను అడిగి చెప్పించుకోండి.

గుర్తుంచుకోండి

1. ముట్లు ఆగినా గర్భసంచి మూతికి క్యాన్సర్ రావచ్చు.
2. హెచ్.పి.వి. ఏళ్ల తరబడి దాగి ఉంటుంది. అది ఉండడం ఎవరి తప్పూ కాదు.
3. ముట్లు ఆగాక ఒక్క చుక్క నెత్తురు కనిపించినా డాక్టరుకు చూపించాలి.
4. ముట్లు ఆగినవాళ్లకు వెనిగర్ పరీక్ష ఒక్కటే చాలదు. హెచ్.పి.వి. పరీక్ష మంచిది.
5. వైరస్ ఉందని గర్భసంచి తీయించుకోనక్కర్లేదు.
6. మచ్చగా ఉన్నప్పుడే పట్టుకుంటే క్యాన్సర్ రాకుండా ఆపవచ్చు.

మాట్లాడుకోండి

1. మీ సంఘంలో ముట్లు ఆగినవాళ్లు ఎందరు? వాళ్లలో ఈ పరీక్ష చేయించుకున్నవాళ్లు ఎందరు?
2. "ఈ వయసులో నాకెందుకు?" అనే పెద్దమ్మకు మీరు ఏమి చెబుతారు?
3. గర్భసంచి తీయించుకున్నవాళ్లు మీ ఊళ్లో ఎందరు? ఏ పరీక్ష చేశాక తీశారో వాళ్లకు తెలుసా?
4. మీ ఊరి దగ్గర హెచ్.పి.వి. పరీక్ష ఎక్కడ చేస్తారు? ఏఎన్ఎమ్మమ్మను అడిగి ఆ చోటు పేరు ఇక్కడ రాయండి.